నరకము: స్థలమా, స్థితియా?

దయామయుడని కీర్తింపబడు దైవము మానవుని తుదిలేని మంటలలో ద్రోయుట యెట్లు పొసగును? ఇస్లాములో నీ ప్రశ్న క్రొత్తది కాదు. 14వ శతాబ్దిలోనే డెమాస్కసు పండితుడగు ఇబ్న్ కయ్యిము నరకాగ్ని యెన్నటికైన నారునాయని దీర్ఘముగా విచారించెను. అట్టి పక్షమును సుబ్కీ యా శతాబ్దిలోనే ఖండించెను. ఆధునికులలో దీనికి స్పష్టమైన సమాధానము చెప్పినవాడు మహమ్మద్ ఇక్బాలు.

1929 జనవరిలో చెన్నపురియందు ప్రారంభమైన యాతని యుపన్యాసమాల 1930లో లాహోరున గ్రంథరూపమున వెలువడినది. స్వర్గనరకములు స్థలములు గావు, ఆత్మయొక్క స్థితులని అందలి నాల్గవ యుపన్యాసము చెప్పుచున్నది. నరకము పగబట్టిన దేవుడు త్రవ్వించిన గుంట కాదట. బండబారిన యాత్మను దైవకృపకు మరల మేలుకొల్పు చికిత్సయట. ఖురానులోని 104వ అధ్యాయము దైవాగ్ని హృదయములపై కెగయునని చెప్పుటయు, 78వ అధ్యాయము పాపులు యుగములతరబడి యందుందురని చెప్పుటయు నాతని కాధారములు. యుగమెంత దీర్ఘమైనను కాలపరిమితియే గదా!

ఈ వ్యాఖ్య మనోహరమైనది. కాని సంపూర్ణము కాదు. కాలిన చర్మమునకు మారుగా క్రొత్త చర్మము గల్పింపబడునని 4వ అధ్యాయము చెప్పుచున్నది. నరకవాసమును గూర్చి మూడుచోట్ల శాశ్వతార్థకమగు ‘అబద’ శబ్దము వాడబడినది. నరకము స్థితియే యైనచో చర్మమేల? పరిమితమే యైనచో నా శబ్దమేల? ఇక్బాలు వీనిని విడివిడిగా నెత్తుకొని సమన్వయింపలేదు. పూర్వపక్షమును నిండుగా జెప్పి పిమ్మట సిద్ధాంతము చేయుట మన శాస్త్రకారుల మర్యాద. ఆ మర్యాద యిచట లోపించినది.

అంతకంటె గొప్ప చిక్కు వేరొకటి కలదు. నరకము పాపికి వైద్యశాల యైనచో, వానిచేత హతులైనవారి గతి యేమి? సజీవముగా బూడ్చబడిన యాడుశిశువును, ఏ పాపమునకు నీవు చంపబడితివని తీర్పునాడు ప్రశ్నింతురని 81వ అధ్యాయము తెల్పుచున్నది. అచట ముందుగా వినబడవలసినది హంతకుని స్వస్థత కాదు, ఆ శిశువు మాట.

అయినను ఇక్బాలు త్రోవను మనము విడువ నక్కరలేదు. దానిని మరికొంత దూరము సాగింపవలెను. తాను జంపిన బిడ్డ యెదుట నిలిచి, తాను చేసినదేమో తొలిసారి గ్రహించువాని హృదయముపై కెగయు మంట కంటె వేరు నరకమేల? అది చికిత్సయు నగును, న్యాయమును నగును. ఆ శిశువు మాట వినని కరుణ కరుణయే కాదు.