'టెలిఫోన్' - 'దూరవాణి' : అర్థ, ప్రయోగ పరిశీలన

వ్యాససంగ్రహం:
టెలిఫోన్ అనే ఆదానపదానికి సమానార్థకంగా తెలుగులో 'దూరవాణి' ఏర్పడింది. కార్యాలయ భాషలో, ఆహ్వానపత్రికల్లో అది కనిపిస్తున్నా వ్యవహారంలో మాత్రం 'ఫోన్' స్థిరపడింది. సంస్కృత సమాసం కావడమే దూరవాణి ఓటమికి కారణమనే అభిప్రాయం ప్రచారంలో ఉంది. ఆ కారణం చాలదనీ, ఆ పదం వాక్యంలో క్రియతో కలిసి నిలవలేకపోవడమే ప్రధానకారణమనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: టెలిఫోన్, దూరవాణి, చరవాణి, ఆదానపదాలు, అర్థవిపరిణామం, పదకల్పన.

1. ఉపోద్ఘాతం:
డిగ్రీ విద్యార్థి ఒకరు లేఖారచన ప్రశ్నకు జవాబులో "నిన్న మామయ్య దూరవాణి చేశారు" అని రాశారు. జవాబుపత్రం దిద్దుతూ ఆ మాట కింద ఎర్రగీత గీశాను. తప్పేమిటో పక్కన రాయబోయి ఆగిపోయాను. 'దూరవాణి' తత్సమపదం, 'చేయు' తెలుగు క్రియ. వ్యాకరణ విరోధం ఏదీ లేదు. అయినా తెలుగువారెవరూ ఆ వాక్యం పలకరు. తెలుగు పరీక్షలో ఆంగ్లపదం రాస్తే మార్కులు పోతాయన్న భయమే ఆ విద్యార్థి చేత అలా రాయించింది. ఆ భయాన్ని కలిగించినది మన బోధనే. కనుక ఆ ఎర్రగీతకు హేతువు చెప్పవలసిన బాధ్యత కూడా మనదే.

2. టెలిఫోన్ - వ్యుత్పత్తి:
గ్రీకులో 'టెలె' అంటే దూరం, 'ఫోనె' అంటే ధ్వని, కంఠస్వరం. ఈ రెండింటి కలయికే టెలిఫోన్. అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1876లో పేటెంటు పొందడానికి ముందే ఈ పేరు ఉంది. జర్మనీకి చెందిన ఫిలిప్ రైస్ 1861లో ప్రదర్శించిన తన పరికరాన్ని ఇదే పేరుతో వ్యవహరించాడు. భారతదేశంలో 1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు ప్రారంభమయ్యాయి. నాటి తెలుగు జిల్లాలు అనేకం మద్రాసు రాజధానిలో భాగం కనుక యంత్రమూ, దాని పేరూ దాదాపు ఒకే దారిన తెలుగువారికి పరిచయమయ్యాయని భావించవచ్చు.

ఈ పదంలోని 'ఫ' విషయం గమనింపదగినది. ప్రాచీన గ్రీకులో ఈ వర్ణం 'ప'కు మహాప్రాణం. తెలుగు లిపిలో 'ఫ' కూడా 'ప'కు మహాప్రాణమే. ఆంగ్లం ద్వారా వచ్చినందువల్ల మనం దాన్ని దంతోష్ఠ్యంగా పలుకుతున్నాం. ఆ ఉచ్చారణ అలవాటు లేనివారు 'పోను' అంటారు. హలంతమైన పదానికి ఉకారం చేర్చి 'ఫోను' అనడం, బహువచనంలో 'ఫోన్లు' అనడం తెలుగు పదస్వభావానికి అనుగుణమైన మార్పులే.

3. దూరవాణి - పదనిర్మాణం:
దూరవాణి గ్రీకు పదానికి అవయవాల వారీ అనువాదం. దూరము నుండి వచ్చు వాణి అని విగ్రహం చెబితే అది తత్పురుష. అప్పుడు ఆ పదం కంఠస్వరాన్ని సూచిస్తుందే గాని యంత్రాన్ని సూచించదు. యంత్రార్థం రావాలంటే 'దూరపు వాణి దేనివలన వినవచ్చునో అది' అని అన్యపదార్థ ప్రధానంగా చెప్పుకోవాలి. తమిళంలోని 'తొలైపేసి'కి ఈ ఇబ్బంది లేదు. 'పేసు' (మాట్లాడు) అనే క్రియనుండి పుట్టినందువల్ల 'దూరాన మాట్లాడేది' అనే అర్థం అందులో సూటిగా ఉంది.

అయితే సంస్కృత సమాసమైనందువల్లనే దూరవాణి నిలవలేదనడం సరికాదు. 'ఆకాశవాణి' కూడా సంస్కృత సమాసమే, అందులోనూ ఉత్తరపదం 'వాణి'యే. అది మాత్రం ఇంటింటి మాట అయింది. పురాణకథల్లో అశరీరవాణి అనే అర్థంలో ఆ పదం ముందే ప్రజలకు తెలుసు. రేడియోకు ఆ పేరు పెట్టినప్పుడు పాత అర్థం వ్యాకోచం చెందింది. దూరవాణికి అటువంటి పూర్వజీవితం లేదు.

4. 'ఫోన్' - వాక్యంలో వినియోగం:
నేటి తెలుగులో 'ఫోన్' నాలుగు అర్థాల్లో ప్రయుక్తమవుతోంది.

అ) యంత్రం: "బల్లమీద ఫోన్ ఉంది."
ఆ) పిలుపు, సంభాషణ: "ఊరినుంచి ఫోన్ వచ్చింది."
ఇ) సంబంధం: "ఎంతసేపు ప్రయత్నించినా ఫోన్ కలవలేదు."
ఈ) సంఖ్య: "మీ ఫోన్ ఈ కాగితం మీద రాయండి."

ఈ వాక్యాల్లో ఫోన్ స్థానంలో దూరవాణిని నిలిపి చూస్తే మొదటిది కృతకంగానైనా పొసగుతుంది. నాలుగోది ముద్రిత పత్రాల్లో "దూరవాణి:" అని రాసి పక్కన అంకెలు వేసే పద్ధతిగా మిగిలింది. రెండు, మూడు వాక్యాలు పూర్తిగా చెడతాయి. "ఊరినుంచి దూరవాణి వచ్చింది" అంటే ఎవరో కనబడని మనిషి గొంతు వినిపించినట్లు తోస్తుంది. అంటే దూరవాణి చదివే పదంగా బతికింది, పలికే పదం కాలేదు. పెళ్లిపత్రికలో దానిని చూసినవారు పైకి చదివేటప్పుడు "ఫోన్ నంబరు" అనే చదువుతారు.

వాడుకలో ఉంటే దూరవాణికి కూడా ఈ అర్థాలన్నీ క్రమంగా వచ్చేవి కదా అని ఆక్షేపించవచ్చు. దీనికి కన్నడం సమాధానం చెబుతుంది. అక్కడ 'దూరవాణి' పత్రికాభాషలో ధారాళంగా ఉంది. పిలుపు అనే అర్థానికి మాత్రం 'దూరవాణి కరె' అంటారు. తమిళంలోనూ 'తొలైపేసి అళైప్పు' అనే పదబంధం ఉంది. ఆ రెండు భాషలూ యంత్రానికి ఒక పదం, పిలుపునకు మరొక పదం సమకూర్చుకున్నాయి. తెలుగులో యంత్రానికి పేరు పెట్టి ఊరుకున్నాం. 'పిలుపు' అనే చక్కని మాట ఉన్నా దాన్ని దూరవాణికి జత చేసే అలవాటు స్థిరపడలేదు. ఆ ఖాళీని 'ఫోన్', 'కాల్' పూరించాయి.

ఫోన్‌తో కలిసే క్రియలు తెలుగువే. ఫోన్ చేయు, ఫోన్ కొట్టు, ఫోన్ ఎత్తు, ఫోన్ పెట్టేయు వంటి పదబంధాలు ఆంగ్లానికి అనువాదాలు కావు. రిసీవరును పైకెత్తి, తిరిగి దాని స్థానంలో పెట్టే పనులను కళ్లారా చూసి తెలుగువారు కల్పించుకున్నవి. ఇప్పటి ఫోన్‌లో ఎత్తడానికీ పెట్టడానికీ వేరే భాగం లేదు. అయినా "ఫోన్ ఎత్తలేదు", "మాట్లాడుతుండగానే పెట్టేశాడు" అంటూనే ఉన్నాం. పని పోయినా క్రియ మిగిలింది. చక్రం తిప్పే ఫోన్లతోపాటు "నంబరు తిప్పు" అనే మాట మాత్రం దాదాపు వెనకబడింది.

5. చరవాణి - అర్థవిపరిణామం:
1995 జూలై 31న దేశంలో తొలి మొబైల్ సంభాషణ జరిగింది. అనంతరకాలంలో దూరవాణిని అనుసరించి 'చరవాణి' వచ్చింది. ఇందులో చరించేది వాణి కాదు, పరికరం. దూరవాణి పరిచయం ఉన్నవారికే చరవాణి అర్థమవుతుంది. కొన్ని పత్రికలు పట్టుదలతో వాడుతున్నా ఇదీ ఎక్కువగా అంకెల పక్కనే కనిపిస్తోంది. వ్యవహారంలో 'సెల్లు' వచ్చింది. టార్చిలైటులో వేసే సెల్లు అప్పటికే ఉన్నా సందర్భం వల్ల అర్థసందేహం కలగలేదు.

కొత్త పరికరం వల్ల 'ఫోన్' అర్థం కూడా మారింది. విశేషణం లేకుండా ఫోన్ అంటే నేడు చేతిలోని ఫోనే. పాతదానికి 'ల్యాండ్‌లైన్' అనే విశేషనామం అవసరమైంది. అంతకంటె ముఖ్యమైన మార్పు క్రియలో ఉంది. "పిల్లవాడు ఫోన్ చూస్తున్నాడు" అనే వాక్యానికి మునుపు యంత్రాన్ని పరికిస్తున్నాడనే అర్థమే ఉండేది. ఇప్పుడది ఒక నిత్యవ్యాపారం. వినడానికి ఉద్దేశించిన వస్తువు చూడడానికి ఉద్దేశించినదైంది. అందుకే పిలుపు అనే అర్థాన్ని 'కాల్' క్రమంగా తీసుకుంటోంది. ధ్వని అనే మూలార్థం 'ఫోన్'లోనే మరుగున పడుతున్నప్పుడు, ఆ అర్థాన్నే ఆధారం చేసుకున్న 'వాణి' పదాలు మరింత దూరమవడం సహజం.

6. ముగింపు:
1. దూరవాణి ఓటమికి సంస్కృతత్వం ప్రధానకారణం కాదు. పిలుపు, సంబంధం అనే అర్థాలను అది మోయలేకపోయింది.
2. కల్పితపదాన్ని నామవాచకంగా మాత్రమే కాక 'చేయు, వచ్చు, కలియు' వంటి క్రియలతో కలిపి పరీక్షించాలి. పరిభాషను వృత్తిదారుల నోటినుంచి సేకరించే మార్గాన్ని భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వెలువరించిన వ్యవసాయ పదకోశం చూపింది. యంత్రపరిభాషకూ ఆ మార్గమే శరణ్యం.
3. నిఘంటువులు 'ఫోన్'ను యంత్రార్థంతో ముగించక, దానితో కలిసే తెలుగు క్రియలనూ ఆరోపంగా చేర్చాలి.

ఆ విద్యార్థి జవాబుపత్రంలో చివరికి ఎర్రగీతను కొట్టివేసి మార్కు ఇచ్చాను. పక్కన "ఫోన్ చేశారు అని రాయవచ్చు" అని రాశాను. 'ఫోన్' ఆదానపదమే కావచ్చు, ఆ వాక్యం మాత్రం తెలుగు వాక్యం.