స్వానుభవం – సాక్ష్యం: టెంపుల్ గ్రాండిన్ స్వీయకథనాల పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆటిజంతో జీవిస్తూ ఆ జీవితాన్ని అక్షరబద్ధం చేసిన శాస్త్రవేత్తల్లో టెంపుల్ గ్రాండిన్ ప్రముఖురాలు. 1986లోనూ 1995లోనూ వెలువడిన ఆమె స్వీయకథనాలు రెండింటిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గ్రాండిన్ తన అనుభవాన్ని ప్రశ్నకు అతీతమైన సత్యంగా కాక, పరీక్షకు నిలబెట్టి సవరించదగిన సాక్ష్యంగా చూశారని, ఆ రచనల విలువ ప్రధానంగా అక్కడే ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆటిజం, స్వీయకథనం, స్వానుభవం, ప్రామాణ్యం, వైకల్య సాహిత్యం.

1. ఉపోద్ఘాతం:

అనుభవించినవారి రచనకు ఉండే ప్రామాణ్యం ఎంత అన్న ప్రశ్న తెలుగు విమర్శకు కొత్త కాదు. ‘నీలి మేఘాలు’ (1993), ‘చిక్కనవుతున్న పాట’ (1995) సంకలనాలు వెలువడిన దశాబ్దంలో స్త్రీవాద, దళితవాద సాహిత్యాల చుట్టూ ఈ చర్చ విస్తృతంగా సాగింది. స్వానుభవానికీ సహానుభూతికీ మధ్య ఉన్న దూరమే ఆ చర్చకు కేంద్రం. రాసేవారికి తమ అనుభవం తమకు తెలుసునన్న విషయం మాత్రం అక్కడ వివాదాంశం కాలేదు. ఆటిజం ఉన్న రచయిత విషయంలో సందేహం అంతకు ముందరి మెట్టు దగ్గరే మొదలైంది. తన మనసును తాను చూసుకోగల శక్తి ఆ వ్యక్తికి అసలు ఉందా అన్నది ఆ సందేహం.

1943లో లియో కానర్ పదకొండుమంది పిల్లలను వర్ణిస్తూ రాసిన పత్రంతో ఆటిజం ఒక ప్రత్యేక స్థితిగా వైద్యరంగం దృష్టికి వచ్చింది. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ రాసిన ‘ది ఎంప్టీ ఫోర్ట్రెస్’ తల్లుల నిరాదరణే దీనికి కారణమన్న వాదాన్ని బలంగా ప్రచారం చేసింది. ఆ వాదం తరవాతి కాలంలో వీగిపోయింది. కానీ శీర్షికలోని ‘ఖాళీ కోట’ అన్న ఉపమానం లోపల పలికేవారే లేరన్న భావాన్ని పాఠకుల్లో నాటింది. గ్రాండిన్ రచనలను ఈ నేపథ్యంలో చదవవలసి ఉంటుంది.

2. యంత్రం నుంచి పరిశోధన పత్రం వరకు:

గ్రాండిన్ 1947 ఆగస్టు 29న అమెరికాలోని బోస్టన్‌లో జన్మించారు. మూడేళ్లు దాటినా ఆమెకు మాటలు రాలేదు. తల్లి ఆమెను ఆశ్రమాలకు అప్పగించక, ఇంట ఉంచి మాట నేర్పించారు. మనిషి కౌగిలి ఆమెకు భరించరానిది. శరీరంపై గాఢమైన ఒత్తిడి మాత్రం అవసరం. కౌమారంలో అరిజోనాలో బంధువుల పశుక్షేత్రానికి వెళ్లినప్పుడు, పశువులను ఇరువైపులా అదిమి కదలకుండా నిలిపే బోను ఆమె కంటపడింది. అందులోకి వెళ్లిన కొన్ని పశువులు నెమ్మదించడం గమనించి, తానూ అందులో నిలబడి చూశారు. ఆపైన తన కోసం అటువంటి యంత్రాన్నే తయారుచేసుకున్నారు.

చుట్టూ ఉన్న పెద్దలకు ఆ యంత్రం ఒక వికృతిగా కనిపించింది. విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడు విలియం కార్లాక్ మాత్రం దాన్ని మాన్పించలేదు. అది మనసును ఎందుకు శాంతపరుస్తుందో శాస్త్రీయంగా తెలుసుకొమ్మని ప్రోత్సహించారు. గ్రాండిన్ జీవితకథలో కీలకఘట్టం ఇదే. అప్పటివరకు లక్షణంగా పరిగణించిన ప్రవర్తన ఇక్కడ పరిశోధన సమస్యగా మారింది. 1989లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి పశుశాస్త్రంలో డాక్టరేట్ పొంది, కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలైన గ్రాండిన్, గాఢస్పర్శ కలిగించే ప్రశాంతతపై 1992లో ఒక వైద్యపత్రికలో వ్యాసం ప్రచురించారు. ఆటిజం ఉన్నవారితోపాటు కళాశాల విద్యార్థులు, జంతువులు కూడా ఆ వ్యాసానికి విషయమయ్యారు. తన ఒంటరి అనుభవం ఇతరులకు ఎంతవరకు వర్తిస్తుందన్న ప్రశ్నను ఆమె స్వయంగా వేసుకున్నారనడానికి ఇది నిదర్శనం.

3. నమ్మని పాఠకుడు:

మార్గరెట్ స్కారియానోతో కలిసి రాసిన ‘ఎమర్జెన్స్: లేబుల్డ్ ఆటిస్టిక్’ 1986లో వెలువడింది. నాడీవైద్యుడు ఆలివర్ శాక్స్ ఈ పుస్తకాన్ని మొదట చదివినప్పుడు అనుమానించారు. ఆటిజం ఉన్న మనసుకు ఆత్మపరిశీలన అసాధ్యమన్నది నాటి శాస్త్ర విశ్వాసం కనుక, ఇది సహరచయిత్రి పనే అయి ఉంటుందని భావించారు. గ్రాండిన్ ఇతర వ్యాసాలను చదివిన తరవాత ఆ అభిప్రాయాన్ని మార్చుకున్నారు. ఈ సంగతిని శాక్స్ తానే దాచకుండా రాశారు. 1995లో వెలువడిన గ్రాండిన్ రెండో పుస్తకం ‘థింకింగ్ ఇన్ పిక్చర్స్’కు ముందుమాట రాసిందీ ఆయనే.

ఇది ఒక పాఠకుడి పొరపాటుగా మాత్రమే చూడదగింది కాదు. ఇక్కడ సిద్ధాంతం సాక్షిని ముందే అనర్హురాలిగా ప్రకటించింది. సాక్ష్యం ఎదుట నిలిచినా, అది ఇంకొకరిదై ఉంటుందని తోసిపుచ్చేందుకు సిద్ధపడింది. రచన సిద్ధాంతానికి లొంగనప్పుడు మారవలసింది సిద్ధాంతమే. శాక్స్ నిజాయతీ ఆ మార్పును నమోదు చేసింది.

4. సవరించుకున్న స్వరం:

రెండు పుస్తకాల మధ్య గ్రాండిన్ దృక్పథం కూడా మారింది. మొదటి పుస్తకం శీర్షిక సూచించినట్లే, అది ఒక స్థితి నుంచి వెలికి వచ్చిన కథ. రెండో పుస్తకంలో ఆటిజం దాటివచ్చిన దశ కాదు. ఆలోచనా విధానంలో విడదీయరాని భాగం. పదాలు తనకు బొమ్మలుగా మారతాయని, పశుశాలల నమూనాలను కాగితంపై గీయకముందే మనసులో నడిపి చూస్తానని ఆమె వివరించారు. గోడకు వేలాడే గొలుసు, నేలపై పడే నీడ పశువును ఎందుకు బెదరగొడతాయో ఆమె చూడగలగడం ఈ దృష్టి ఫలితమే.

అయితే ఆటిజం ఉన్నవారంతా తనలాగే బొమ్మల్లో ఆలోచిస్తారని ఆమె తొలుత భావించారు. ఇతరుల అనుభవాలు తెలిసిన కొద్దీ ఆ సాధారణీకరణ తప్పని గుర్తించి, 2006 నాటి విస్తృత ముద్రణలో దాన్ని సవరించారు. దృశ్యాత్మకంగా ఆలోచించేవారితోపాటు సంగీత, గణిత క్రమాల్లో ఆలోచించేవారిని, భాషాతర్కంతో ఆలోచించేవారిని వేరుగా గుర్తించారు. స్వీయకథనంలో సాధారణంగా కనిపించని లక్షణం ఇది. రచయిత తన అనుభవాన్ని ఉపసంహరించుకోలేదు. ఆ అనుభవం నుంచి ఇతరుల గురించి చేసిన ఊహను మాత్రం ఉపసంహరించుకున్నారు. స్వానుభవ ప్రామాణ్యానికి సరిహద్దు ఎక్కడో ఈ సవరణ స్పష్టం చేస్తుంది.

ఆ సరిహద్దును ఆమె అన్నివేళలా పాటించారని చెప్పలేం. ‘యానిమల్స్ ఇన్ ట్రాన్స్‌లేషన్’ (2005)లో జంతువుల మేధను, ఆటిజం ఉన్న కొందరిలోని అసాధారణ ప్రతిభతో పోల్చారు. 2008లో జార్జియో వల్లోర్టిగారా, సహపరిశోధకులు ఈ పోలికను శాస్త్రీయంగా ప్రశ్నించారు. ఉద్యోగానికి పనికివచ్చే ప్రతిభకు ఆమె ఇచ్చే ప్రాధాన్యం కూడా చర్చించదగింది. ప్రయోజనమే విలువకు కొలబద్ద అయితే, అటువంటి ప్రతిభ చూపలేని వ్యక్తి గౌరవం దేనిపై నిలుస్తుందన్న ప్రశ్న మిగులుతుంది.

5. తెలుగునేల – కొలమానం:

ఈ చర్చ తెలుగు పాఠకులకు దూరమైనది కాదు. భారతదేశంలో ఆటిజం నిర్ధారణకు వాడే ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం రూపొందింది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, 1984లో ఏర్పడిన జాతీయ సంస్థలోనే. ఇందులో ఆరు విభాగాల కింద నలభై అంశాలున్నాయి. ఒక్కో అంశానికి ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు. మొత్తం డెబ్బైకి తగ్గితే ఆటిజం లేదని, నూట యాభై మూడు దాటితే తీవ్రమని నిర్ణయిస్తారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించిన వైకల్యాల్లో చేర్చినందున, ఈ మార్కులపై ధ్రువపత్రం, దాని వెంట వచ్చే హక్కులు ఆధారపడతాయి.

మన్సూరాబాద్ నుంచి వచ్చిన బిడ్డనైనా, మారుమూల పల్లె నుంచి వచ్చిన బిడ్డనైనా ఈ కొలమానం అవే అంశాలతో కొలుస్తుంది. దానికి ఆధారం పరిశీలకుడు చూసింది, తల్లిదండ్రులు చెప్పింది. ఇంద్రియ ప్రేరణలకు అసాధారణ స్పందన ఉందా అని అది అడుగుతుంది. బడిగంట మోత తనకు శారీరకమైన నొప్పిగా ఉండేదని గ్రాండిన్ రాసినప్పుడు, ఆ స్పందన వెనుక ఉన్న కారణం తెలుస్తుంది. చెవులు మూసుకున్న బిడ్డ మొండితనం చేయడం లేదని, నొప్పి నుంచి తనను కాపాడుకుంటోందని గ్రహించడానికి ఆ వాక్యం అవసరం. కొలమానం చెప్పలేనిది స్వీయరచన చెబుతుంది. ఒక్క స్వీయరచన చెప్పలేని విస్తృతిని కొలమానం అందిస్తుంది.

6. ముగింపు:

గ్రాండిన్ రచనలు ఆటిజం ఉన్నవారందరి గొంతుక కావు. అలా కావలసిన అవసరమూ లేదు. సాక్షిని నమ్మడం, సాక్ష్యాన్ని పరీక్షించడం పరస్పర విరుద్ధాలు కావని ఆ రచనలు చూపుతున్నాయి. ఆటిజం ఉన్నవారి స్వీయరచన తెలుగు విమర్శ ముందుకు వచ్చినప్పుడు పాటించవలసిన పద్ధతి కూడా ఇదే. ఇది నిజంగా వారే రాశారా అన్న అనుమానంతో చదువు మొదలుపెట్టకూడదు. జాలితో విమర్శను మానుకోనూ కూడదు. ఇతర రచయితలను అడిగే ప్రశ్నలనే వారినీ అడగడం వారికి ఇవ్వదగిన గౌరవం.