మలిసంజ వెలుగులో ఒడ్డు పిట్టలు

తూర్పు తీరంలో సాయంత్రం సూర్యుడు నేల వైపు వాలుతాడు. కాకినాడ దగ్గరి ఇసుక తీరాల్లో సముద్రం వైపు తిరిగిన ఛాయాగ్రాహకుడి వెనుక నుంచి ఏటవాలు వెలుగు వచ్చి, అలల అంచున మేసే పిట్టల మీద సూటిగా పడుతుంది. మిట్టమధ్యాహ్నం బూడిదరంగు ముద్దలా కనిపించిన ఇసుక ప్లవర్ రెక్క మీద ఒక్కో ఈకా అప్పుడు విడిగా తెలుస్తుంది.

చలికాలమే ఈ పనికి అదను. ఉత్తర ధ్రువ ప్రాంతపు టండ్రాలో గుడ్లు పెట్టే సాండర్లింగ్‌లు ఆ నెలల్లో ఇక్కడ వెనక్కి పోయే అల వెంట పరుగెత్తి, వచ్చే అలకు ముందు తిరిగి పరుగెత్తుతుంటాయి.

ఈ విద్యలో అన్నిటికన్నా గొప్పది ఓపిక. తడి ఇసుక మీద బోర్లా పడుకుని లెన్సును పిట్ట కంటి ఎత్తుకు దించాలి. అప్పుడు వెనుక నీళ్లు మెత్తగా మసకబారి, పిట్ట ఒక్కటే తేటగా నిలుస్తుంది. వెంటపడితే గుంపు లేచిపోతుంది. పోటు వేళ ముందే చోటు చూసుకుని కదలకుండా ఉంటే, నీరు ఎక్కేకొద్దీ అవే దగ్గరికి వస్తాయి. వేల కిలోమీటర్ల తిరుగు ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకునే పిట్టను మేత దగ్గర లేపకపోవడం మంచి ఛాయాగ్రాహకుడి తొలి గుణం.

పరుగును నిలపడానికి సెకనులో 1000వ వంతు షట్టర్ వేగం కావాలి. వెలుగు తగ్గేకొద్దీ ఐఎస్ఓను 1600, 3200 దాకా పెంచుతారు. కాస్త గరుకు వచ్చినా కన్ను స్పష్టంగా ఉంటే చాలు. తెల్లని పొట్ట మీద ఈకల గీతలు చెరిగిపోకుండా ఎక్స్‌పోజర్ కొద్దిగా తగ్గించాలి. సూర్యుడు దిగాక వేగాన్ని 30వ వంతుకు దించి, పరుగెత్తే పిట్టతోపాటు కెమెరాను తిప్పితే కాళ్లు, అలలు గీతలుగా సాగి, తల మాత్రం తేటగా వస్తుంది. చాలా తీస్తే గానీ అలాంటిది ఒకటి కుదరదు.