కణానికి తిండితో పాటు పట్టు

ప్రయోగశాలలో మనిషి కణాన్ని పెంచాలంటే తిండి పెడితే చాలని చాలామంది అనుకుంటారు. చాలదు. గ్లూకోజు, లవణాలు, అమైనో ఆమ్లాలు, విటమిన్లు అన్నీ కలిపిన ద్రవంలో చర్మకణాన్నో కంటిపొర కణాన్నో వేసి, అంటుకోవడానికి ఏ ఆధారమూ ఇవ్వకపోతే అది గుండ్రంగా ముడుచుకుంటుంది, చివరికి తనను తానే చంపుకుంటుంది. మా అత్తిలి చేలల్లో నాటిన నారు మూన తిరగాలంటే వేరు బురదను పట్టుకోవాలి. ఎంత ఎరువు చల్లినా పట్టు దొరకని మొక్క నీళ్లమీద తేలిపోతుంది. కణం సంగతీ అంతే. రక్తంలో తిరిగే కణాల్లాంటివి కొన్ని తప్ప, ఒంట్లోని కణాలకు బతుకంటే దేన్నో ఒకదాన్ని పట్టుకుని ఉండడమే.

ఈ విద్యలోని రెండు సగాలూ మన చుట్టుపక్కల ఊళ్లతో ముడిపడి ఉన్నాయని చెప్పుకోవడం నాకు ఇష్టం. తిండి సగం భీమవరానిది. అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఇవాళ ప్రపంచమంతటా కణాలను పెంచే ద్రవాల్లో అదొక తప్పనిసరి దినుసు. పట్టు సగం ఏలూరు దగ్గరి సోమవరప్పాడుది. ఆ ఊళ్లో 1908లో పుట్టి, ‘మిస్సమ్మ’ తీసిన ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన స్థలంతో, విరాళంతో హైదరాబాద్‌లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు కంటి ఆసుపత్రిని నిలబెట్టారు. కణానికి పట్టు ఎంత ముఖ్యమో తెలుగునేల మీద రోగి కంట్లోనే రుజువైంది అక్కడ.

నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచున మూలకణాలుంటాయి. నల్లగుడ్డు పైపొరను ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టించేవి అవే. కంట్లో సున్నమో ఆమ్లమో పడి అవి నశిస్తే పక్కపొర, రక్తనాళాలు నల్లగుడ్డు మీదికి పాకుతాయి, చూపు పోతుంది. డాక్టర్ వీరేందర్ సంగ్వాన్, ఆయన సహచరులు రోగి రెండో కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, కాన్పు తర్వాత దానంగా వచ్చిన ఉమ్మనీటి సంచి పొర మీద పరిచారు. ఎలుక కణాలు వాడలేదు, దూడ రక్తరసం వాడలేదు. రోగి సొంత రక్తరసమే పోశారు. రెండు వారాల్లోపే ముక్క అంచుల నుంచి కణాలు బయటికి పాకి పలుచని పొర కడతాయి. ఆ పొరను కంటికి అతికించారు. ఇలా చికిత్స పొందిన 200 మందిలో 71 శాతం మందికి కొత్త పొర నిలిచిందని 2011లో ప్రకటించారు. ఆ మరుసటి ఏడాదే, ప్రయోగశాలతో పనిలేకుండా చిన్నచిన్న ముక్కలను నేరుగా కంటిమీదే ఉమ్మనీటి సంచి పొరపై అతికించే పద్ధతినీ ప్రచురించారు.

కణాలు ఆ సంచి పొరనే ఎందుకు పట్టుకుంటాయి? అందులో లామినిన్, ఫైబ్రోనెక్టిన్, నాలుగో రకం కొల్లాజెన్ ఉంటాయి. కణం తన పైపొరలోంచి ఇంటెగ్రిన్లనే అణువులను బయటికి చాచి వాటిని అందుకుంటుంది. ఫైబ్రోనెక్టిన్ చాలా పెద్ద అణువు. అయినా కణం దానిలో ముఖ్యంగా వెతుక్కునేది వరసగా ఉన్న మూడు అమైనో ఆమ్లాలను: ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం. ఈ సంగతిని 1984లో పీర్ష్‌బాకర్, రూస్లాటి బయటపెట్టారు. కణాలు ఒకదాన్నొకటి పట్టుకోవడానికి క్యాడ్హెరిన్లని వేరే ప్రోటీన్లున్నాయి. వాటిని గుర్తించినవాడు జపాన్ శాస్త్రవేత్త టకేయిచి. వాటికి కాల్షియం ఉండాలి. కాల్షియం లాగేస్తే చేతులు విడిపోయినట్టే.

చికిత్సకు సంచి పొర ఎంతో మేలు. పరిశోధనకు అదే చిక్కు. ఒక తల్లి నుంచి వచ్చిన పొర మరో తల్లి పొరలా ఉండదు. రక్తం నుంచి తీసిన ఫైబ్రోనెక్టిన్‌తో రోగాల భయం ఉంటుంది. ఎలుక కణితి నుంచి తీసే జెల్‌లో ఏయే ప్రోటీన్లు ఎంతెంత ఉన్నాయో ఒక్కో విడతకు ఒక్కో తీరు. ఫలితం మారితే మందు వల్ల మారిందా, పరుపు వల్ల మారిందా అని ఎవరు చెప్పగలరు? అందుకే మనిషి జన్యువునే తీసుకుని, ఒకే ప్రోటీన్‌ను ప్రతిసారీ ఒకేలా తయారుచేసే రీకాంబినెంట్ పద్ధతి కావాల్సి వచ్చింది. ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాను ఈస్ట్ కణాలతో ఇలాగే తయారుచేసింది.

ప్రోటీన్‌ను బట్టి దాన్ని పండించే కణాన్ని ఎంచుకోవాలి. పనితనం అంతా ఇక్కడే ఉంది. ఫైబ్రోనెక్టిన్‌లో కణం పట్టుకునే ముక్క వరకే చాలనుకుంటే బాక్టీరియాతోనే చేయించవచ్చు, అది బాగానే పట్టుకుంటుంది. క్యాడ్హెరిన్లలో ఒకటైన ఈ-క్యాడ్హెరిన్‌తో అలా తేలిగ్గా కుదరదు. దాని మొదటి కొసలో రెండో స్థానాన ట్రిప్టోఫాన్ ఉంటుంది. అది ఎదుటి కణం మీది అణువులో ఉన్న చిన్న గుంటలోకి దిగి కూర్చుంటుంది. ఎదుటిది కూడా ఇటు అలాగే దిగుతుంది. కొసకు ముందు ఒక్క అమైనో ఆమ్లం అదనంగా మిగిలిపోయినా ఈ కుదురు చెడుతుంది. అందుకే దాన్ని మనిషి మూత్రపిండ కణాల వంశమైన హెచ్‌ఈకే 293లోనో, చైనీస్ హామ్‌స్టర్ అండాశయ కణాల్లోనో చేయిస్తారు. అవి ప్రోటీన్‌ను సరిగ్గా మడిచి, చక్కెర గొలుసులు తగిలించి, ముందున్న అదనపు భాగాన్ని కోసి బయటికి వదులుతాయి. పొరలో గుచ్చుకునే భాగాన్ని జన్యువులోనే తీసేస్తారు, నీళ్లలో కరగాలి కదా. తోక చివర ఆరు హిస్టిడిన్లు చేరిస్తే నికెల్ ఉన్న గొట్టం దాన్ని పట్టి ఉంచుతుంది. మిగతా చెత్త కడిగేయవచ్చు.

శుద్ధంగా వచ్చినంత మాత్రాన పని చేస్తుందన్న హామీ లేదు. ప్లేటు గుంతల్లో వేర్వేరు మోతాదుల్లో ప్రోటీన్ పూసి, ఖాళీ చోట్లను వేరే ప్రోటీన్‌తో కప్పి, కణాలు వేస్తారు. గంట తర్వాత మెల్లగా కడిగి ఎన్ని మిగిలాయో లెక్కిస్తారు. నా దృష్టిలో ఈ కడిగి చూసే పరీక్షే అసలు పరీక్ష.

ఇలాంటి ప్రోటీన్ విలువ ప్రయోగశాల గోడలు దాటుతుంది. 1998లో న్యూజిలాండ్‌లోని ఒక మావోరీ కుటుంబంలో తరతరాలుగా వస్తున్న జీర్ణాశయ క్యాన్సర్‌కు మూలం ఈ-క్యాడ్హెరిన్ జన్యువులో లోపమని తేలింది. పట్టు సడలిన కణం ఎలా విడివడి పాకుతుందో తెలుసుకోవాలంటే అసలైన ప్రోటీన్ చేతిలో ఉండాలి.

తాడేపల్లిగూడెంలోనో ఏలూరులోనో బయోటెక్నాలజీ చదివి ప్రయోగశాలల్లో చేరబోయే పిల్లలకు ఒక మాట. ఇలాంటి ప్రోటీన్ సీసా తెప్పించుకున్నప్పుడు ధర, శుద్ధత శాతం చూసి సరిపెట్టుకోకండి. ఏ కణాల్లో తయారైందో, ఏ కణాలను ఎంత మోతాదులో పట్టి చూపిందో, బాక్టీరియా నుంచి వచ్చే ఎండోటాక్సిన్ అనే విషం ఎంత ఉందో చదవండి. కరిగించాక చిన్న గొట్టాల్లోకి పంచి మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచండి. ఒకే గొట్టాన్ని పదేపదే కరిగించి గడ్డకట్టిస్తే మడతలు చెడిపోతాయి. సీసా మీద ‘పరిశోధనకు మాత్రమే’ అని రాసి ఉంటుంది. దాన్ని మనిషి ఒంట్లోకి ఎక్కించకూడదు.