గుట్ట దిగుడంతా బ్రేకులోనే

1976 అక్టోబరు 21న కాలిఫోర్నియాలోని ఫెయిర్‌ఫాక్స్ దగ్గర కొందరు కుర్రాళ్లు లావు టైర్ల పాత సైకిళ్లను కొండ మీదికి చేర్చి, మట్టిబాటలో పందెం వేసుకుని కిందికి దిగారు. దాదాపు మూడు కిలోమీటర్ల బాటలో 400 మీటర్ల దిగుడు. పెడల్ వెనక్కి తొక్కితే పడే హబ్ బ్రేకులే వాళ్లకు దిక్కు. కిందికి వచ్చేసరికి హబ్ సలసల కాగి, లోపలి గ్రీజు పొగై పోయేది. ఇంకోసారి దిగాలంటే హబ్ విప్పి కొత్త గ్రీజు కూరాలి. అందుకే ఆ పందేనికి 'రీప్యాక్' అనే పేరు నిలిచింది. మొదటి రోజు గెలిచింది అలన్ బాండ్స్. కింద పడకుండా చివరిదాకా వచ్చింది అతనొక్కడే మరి!

డోర్నకల్‌లో హబ్ విప్పి గ్రీజు మార్చి సైకిల్ ఓవరాయిలింగ్ చేసే మెకానిక్‌కు ఈ కథ ఇట్టే అర్థమవుతుంది.

గుట్ట దిగేవాళ్లంటే ధైర్యమే గుర్తొస్తుంది చూసేవాళ్లకు. అసలు పనితనం బ్రేకు మీది వేళ్లది. మలుపులోకి వెళ్లాక బ్రేకు నొక్కితే మొరం మీద ముందు చక్రం జారిపోతుంది. వేగమంతా మలుపుకు ముందే తగ్గించుకోవాలి. ఆపే బలం ఎక్కువగా ముందు బ్రేకుదే, పడేసేదీ అదే. మన దేశంలో అది సాధారణంగా కుడిచేతికి ఉంటుంది, అమెరికాలో ఎడమచేతికి. బయటి నుంచి తెచ్చిన బండి ఎక్కేముందు ఇది చూసుకోని వాళ్లు తొలి వాలులోనే ఇబ్బంది పడతారు. సీటు బాగా దించి, పెడళ్లు రెండూ సమంగా ఉంచి, వాటి మీద నిలబడాలి. బరువు పాదాల మీద, చేతులు తేలిగ్గా. చూపు ముందు చక్రం దగ్గర ఆగకుండా మలుపు అవతలికి పోవాలి.

అందుకే గుట్ట దిగే రోజు మొదటి గంట నడకకే పోతుంది, పోవాలి కూడా. బాటను కాలినడకన ఎక్కుతూ వదులు రాళ్లు, వేర్లు, వాన కోసిన గండ్లు చూసుకున్నవాడే మధ్యాహ్నానికి నిబ్బరంగా దిగుతాడు.

దిగుడు పోటీలకు 1990లోనే, అమెరికాలోని డురాంగోలో, ప్రపంచ చాంపియన్‌షిప్ మొదలైంది. 1996లో ఒలింపిక్స్‌కు వెళ్లింది మాత్రం ఎక్కుడూ దిగుడూ కలిసిన క్రాస్ కంట్రీ ఒక్కటే.

మన వైపు గుట్టలకేం కొదవ లేదు. భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లో తాడు కట్టుకుని రాళ్లెక్కేవాళ్లు ఇప్పటికే ఉన్నారు. కానీ అక్కడ ఆదిమానవుల రాతి చిత్రాలున్నాయి. వాటి చుట్టుపక్కలకు చక్రం రాకూడదు. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు జంతువులవి, వాటి జోలికి అసలే వద్దు. వీటికి దూరంగా, ఊళ్ల పక్కనే ఉన్న ఏదో ఒక మొరం గుట్ట మీద అటవీశాఖ కిలోమీటరు బాట గుర్తించి, వాన నీరు పక్కకు పోయేలా మలుపులు తీర్చితే చాలు. వానాకాలంలో దాన్ని మూసేయాలి. తడి నేల మీద చక్రాలు తీసిన గాడిలో నీళ్లు పారితే ఒక్క సీజన్‌లోనే బాట వాగవుతుంది.