కారణం చెప్పి తీరాలి

పిడుగురాళ్ల అనగానే సున్నం గుర్తొస్తుంది. సున్నపురాయిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల వేడికి కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి సున్నం మిగులుతుంది. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు కాలిస్తే చేతికొచ్చేది 56 కిలోలే, మిగతా 44 కిలోలు గాలిలో కలుస్తాయి. డిగ్రీలో కెమిస్ట్రీ తీసుకున్న ఈ ఊరి పిల్లలు ఈ లెక్కను నోట్సులో రాసుకుంటారు. బట్టీనే పాఠంగా పెడితే బాగుంటుందని వాళ్ల లెక్చరర్‌కు తోచిందనుకుందాం. ఆ ఆలోచన సిలబస్‌లోకి ఎక్కాలంటే నడవాల్సిన దారి ఒకటుంది. ఎంతో ముందుచూపుతో వేసిన దారి అది.

పిడుగురాళ్ల ఉన్న పల్నాడులోని డిగ్రీ కళాశాలలకు పెద్దదిక్కు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం. 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరులో పెట్టిన పీజీ కేంద్రమే 1976లో సొంత విశ్వవిద్యాలయంగా ఎదిగింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల చట్టం 1991 ప్రకారం పరిపాలన పాలకమండలిది, చదువుల తీరుతెన్నులు చూసేది అకడమిక్ సెనేట్. ఒక్కో సబ్జెక్టుకు బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఉంటుంది. అనుబంధ కళాశాలల సిలబస్‌కు ఉమ్మడి చట్రం ఉన్నత విద్యామండలి నుంచి వస్తుంది కాబట్టి అక్కడి లెక్చరర్‌కు చొరవ చూపే చోటు తక్కువ. సిలబస్‌ను తానే రూపొందించుకునే అటానమస్ కళాశాలలో ఆ చోటు పెద్దది. ఈ ఏర్పాటులోని పనితనం తేటగా కనిపించేది కూడా అక్కడే. అందుకని అటానమస్ కళాశాలల కోసం విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో తెచ్చిన నిబంధనలను దగ్గరగా చూద్దాం. 2023లో వాటి స్థానంలో కొత్తవి వచ్చినా, పాతవాటిలోని ఒక వాక్యం చదివి దాచుకోదగ్గది.

ముందు, ఆ 2018 నిబంధనల ప్రకారం కళాశాల బోర్డ్ ఆఫ్ స్టడీస్ కూర్పు. అధ్యక్షత శాఖాధిపతిది. ఆ సబ్జెక్టు చెప్పే అధ్యాపకులంతా సభ్యులే. బయటి నుంచి ఇద్దరు నిపుణులు, వైస్ చాన్సలర్ పంపే నిపుణుడు ఒకరు, పరిశ్రమ తరఫున ఒకరు, పీజీ చేసిన ప్రతిభావంతుడైన పూర్వ విద్యార్థి ఒకరు ఉంటారు. పాఠం చెప్పేవారు, పాఠం లోతు తెలిసినవారు, చదువుకున్న పిల్లలకు పని ఇచ్చేవారు, ఆ పాఠం చదివి బయటి లోకం చూసినవారు, నలుగురూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. మన బట్టీ పాఠం ఇక్కడికి వస్తే ఎదురయ్యే ప్రశ్నలు ఊహించవచ్చు. దీనికి ఎన్ని గంటలు కావాలి? అన్ని గంటలు ఇవ్వాలంటే ఏ యూనిట్ తీసేయాలి? ల్యాబ్‌లో ఏం చేయిస్తారు? పరీక్షలో ఏం అడుగుతారు? బట్టీ దగ్గర దుమ్ము, వేడి ఉంటాయి కదా, పిల్లల భద్రత ఎవరు చూస్తారు? వీటికి జవాబులు వెతికే క్రమంలోనే ఒక మంచి ఆలోచన మంచి పాఠంగా తేలుతుంది.

అక్కడి నుంచి ప్రతిపాదన అకడమిక్ కౌన్సిల్‌కు వెళుతుంది. ప్రిన్సిపాల్ అధ్యక్షుడు. అన్ని శాఖల అధిపతులు, సీనియారిటీ వరుసలో వంతులవారీగా వచ్చే నలుగురు అధ్యాపకులు, బయటి నిపుణులు నలుగురికి తగ్గకుండా, విశ్వవిద్యాలయం పంపే ముగ్గురు సభ్యులు. కెమిస్ట్రీ పాఠాన్ని ఇక్కడ తెలుగు మాస్టారూ వింటారు, కామర్స్ మేడమూ వింటారు. విద్యార్థి మీద మొత్తం బరువెంత పడుతుందో ఒక్క శాఖ గదిలో కూర్చుంటే తెలియదు, అందరూ కలిసి కూర్చుంటేనే తెలుస్తుంది.

ఇక ఆ వాక్యం సంగతి. బోర్డు పంపిన ప్రతిపాదనను కౌన్సిల్ ఉన్నదున్నట్టు ఆమోదించవచ్చు, మార్చి ఆమోదించవచ్చు. అంగీకరించకపోతే పునఃపరిశీలనకు తిప్పి పంపవచ్చు, తోసిపుచ్చవచ్చు. అయితే కారణాలు చెప్పి తీరాలి. ఈ చివరి షరతే నిబంధనకు ప్రాణం. అది లేకపోతే బట్టీ పాఠం ఏదో ఒక బీరువాలో పడి ఉండేది, లెక్చరర్‌కు నిరుత్సాహం తప్ప ఇంకేమీ మిగిలేది కాదు. కారణం కాగితం మీదకు వస్తే దానికి జవాబు రాయవచ్చు, లోపం దిద్దుకుని వచ్చే సమావేశానికి మళ్లీ తీసుకెళ్లవచ్చు. పెద్ద సభ అధికారం అలాగే ఉంది, చిన్న బోర్డు గౌరవమూ నిలిచింది. రెంటినీ ఒకే వాక్యంలో కాపాడటం సామాన్యమైన రచన కాదు.

విశ్వవిద్యాలయ స్వేచ్ఛ అంటే మనకు కట్టమంచి రామలింగారెడ్డి గారు గుర్తుకు రావాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1926లో తొలి వైస్ చాన్సలర్ అయిన ఆయన, స్వాతంత్ర్యోద్యమంపై ప్రభుత్వ అణచివేతకు నిరసనగా 1930లో పదవి వదులుకున్నారు. 1936లో మళ్లీ వచ్చి 1949 దాకా ఆ బాధ్యత మోశారు. అంతటి తెగువ అందరికీ సాధ్యం కాదు, అందరి నుంచీ ఆశించడమూ న్యాయం కాదు. రాజీనామా దాకా పోనవసరం లేకుండా, సాధారణ లెక్చరర్ సాధారణమైన రోజున తన మాట తాను చెప్పుకోగలగాలి. మంచి నిబంధన చేసే మేలు అదే.

బౌద్ధ తత్త్వవేత్త నాగార్జునుడి పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం ఉన్న నేలకు కారణం చెప్పే ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ఆయన 'విగ్రహవ్యావర్తని'లో 70 శ్లోకాలున్నాయి. మొదటి 20 శ్లోకాలూ ప్రత్యర్థుల ఆక్షేపణలకే కేటాయించారు. తన జవాబు ఆ తర్వాతి 50లో చెప్పారు. ఎదుటివారి వాదం పూర్తిగా వినిపించి, ఒక్కొక్కదానికీ కారణంతో బదులివ్వడం ఆయన నడిచిన బాట.

నిబంధన ఎంత చక్కగా ఉన్నా సభ్యులు సంతకం పెట్టి టీ తాగి వెళ్లిపోతే అది కాగితమే. అధ్యాపకులారా, మీ ప్రతిపాదన తిరస్కరిస్తే కారణం రాతలో అడగండి, దాన్ని మినిట్స్‌లో ఎక్కించమనండి. బట్టీల యజమానులారా, పరిశ్రమ తరఫు కుర్చీలో కూర్చోమని పిలుపు వస్తే పని ఉందని తప్పుకోకండి. ఇక్కడ చదివి ఎక్కడెక్కడో స్థిరపడిన పూర్వ విద్యార్థులారా, ఆ బల్ల దగ్గర మీకూ ఒక కుర్చీ ఉంది. వచ్చి కూర్చోండి, మీకు తెలిసింది చెప్పండి.