వినోద యంత్రాలు: మీట ఎవరి చేతిలో?

ఇంట్లో వినోదం అందించే యంత్రాల గురించి మన రచయితల్లో రెండు వైఖరులు కనిపిస్తున్నాయి. మొదటిది శాపనార్థాల వైఖరి. టీవీ వచ్చి పుస్తకాన్ని చంపిందనీ, సెల్‌ఫోన్ వచ్చి మనిషినే చంపిందనీ చెప్పి వీరు చేతులు దులుపుకుంటారు. రెండోది హారతి వైఖరి. యంత్రం తటస్థమైనది, మంచికి వాడితే మంచి, చెడుకు వాడితే చెడు, కనుక కొత్తది వచ్చిన ప్రతిసారీ స్వాగతించడమే ప్రగతి అని వీరి వాదన. పైకి పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు వైఖరులూ ఒక విషయంలో ఏకీభవిస్తాయి. యంత్రాన్ని ఎవరు తయారు చేశారు, ఎవరికి ఎందుకు అమ్మారు, ఇంట్లోకి వచ్చాక దాని మీట ఎవరి చేతిలో ఉంది అనే ప్రశ్నలను రెండూ వేయవు. ఆ ప్రశ్నలు వేయకుండా వినోద సంస్కృతి మీద చేసే ఏ విమర్శ అయినా సణుగుడుగానో ప్రకటనగానో మిగిలిపోతుంది.

1932లో జర్మన్ నాటకకర్త బెర్టోల్ట్ బ్రెక్ట్ రేడియో గురించి ఒక మౌలికమైన మాట చెప్పాడు. రేడియో కేవలం పంచిపెట్టే సాధనంగా మిగిలిపోయిందనీ, వినేవాడికి తిరిగి మాట్లాడే వీలు కూడా కల్పించినప్పుడే అది నిజమైన ప్రజా సాధనం అవుతుందనీ ఆయన వాదన సారాంశం. తొంభై ఏళ్లు దాటినా ఈ గీటురాయి అరగలేదు. మన ఇళ్లలోకి వరసగా వచ్చిన యంత్రాలను దీని మీద గీసి చూద్దాం.

రేడియో ప్రభుత్వ గొంతుతో వచ్చింది. దాన్ని ఇంట్లో పెట్టుకోవాలంటే పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల్సిన పరిస్థితి 1980ల దాకా ఉంది. అయినా ఆ గొంతులో కొంత చోటు రచయితలకు దక్కింది. బుచ్చిబాబు, బాలాంత్రపు రజనీకాంతరావు వంటి వారు ఆకాశవాణిలో ఉద్యోగాలు చేశారు. చెవి కోసం రాయడం అనే విద్య తెలుగులో ఆ రోజుల్లోనే ఏర్పడింది. శ్రోతకు మాత్రం ఉత్తరం రాయడం తప్ప తిరిగి మాట్లాడే దారి లేదు.

టెలివిజన్ చరిత్రలో మనం మరచిపోయిన అధ్యాయం ఒకటుంది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా అమెరికా ఉపగ్రహం ఒకదాని సాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ ప్రసారాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. టీవీ ఎవరి సొంత ఇంట్లోనూ లేదు, ఊరికి ఒకటి ఉండేది. జనం కలిసి కూర్చుని చూశారు. ఈ సామూహికతను చూసి మురిసిపోయే ముందు ఆ ఏడాది ఎలాంటిదో గుర్తు చేసుకోవాలి. అది ఎమర్జెన్సీ కాలం. ఊరంతా కలిసి చూసింది, నిజమే. కానీ ఊరి మాట ఢిల్లీకి చేరే మార్గం ఆ పెట్టెలో లేదు. కలిసి చూడటం వేరు, కలిసి మాట్లాడటం వేరు.

ఆ తర్వాత ప్రభుత్వం ఊరి టీవీని వదిలి ఇంటి టీవీ దారి పట్టింది. 1982లో ఆసియా క్రీడల సందర్భంగా రంగుల ప్రసారాలు వచ్చాయి. 1984లో 'హమ్ లోగ్' ధారావాహికతో పాటు నూడుల్స్ ప్రకటన కూడా ఇంట్లోకి నడిచి వచ్చింది. దూరదర్శన్ కార్యక్రమాలను సమీక్షించిన పి.సి. జోషి కమిటీ, ప్రసారాలు ఢిల్లీ కేంద్రంగా, పట్టణ సంపన్నుల అభిరుచికి తగ్గట్టు నడుస్తున్నాయని ఆ రోజుల్లోనే విమర్శించింది. విమర్శ నివేదికలో మిగిలింది, ప్రకటన తెర మీద మిగిలింది. కలర్ టీవీ వరకట్నం జాబితాలోకి ఎక్కింది. ఒక వినోద యంత్రం ఆడపిల్ల తండ్రి అప్పుపత్రంలో భాగం కావడం మన సమాజంలో దాని అసలు చరిత్ర. కంపెనీల ప్రచార పుస్తకాల్లో ఈ చరిత్ర దొరకదు.

ఈ వరసలో బ్రెక్ట్ గీటురాయికి కొంతైనా నిలిచిన యంత్రం ఒకటుంది. మన విమర్శ దాన్ని దాదాపుగా పట్టించుకోలేదు. అది టేప్‌రికార్డర్. ఫిలిప్స్ కంపెనీ 1963లో చిన్న కేసెట్‌ను బయటపెట్టింది, తర్వాత ఇతర కంపెనీలు దాన్ని ఉచితంగా తయారు చేసుకోనిచ్చింది. ఇది దాతృత్వం కాదు, తన నమూనాయే ప్రపంచ ప్రమాణం కావాలన్న వ్యాపార వ్యూహం. కానీ పెట్టుబడి తన లాభం కోసం తెరిచిన తలుపులోంచి జనం కూడా దూరారు. గ్రామఫోను రికార్డుల కాలంలో మన దేశంలో పాట దాదాపుగా ఒకే కంపెనీ గుప్పిట్లో ఉండేది. 1980లలో కేసెట్ ఆ గుప్పిటను విప్పింది. పాట అచ్చు వేయడానికి పెద్ద కర్మాగారం అక్కర్లేకపోయింది. జననాట్యమండలి పాటలు, గద్దర్ గొంతు, వేదిక మీద నుంచి కేసెట్లోకి, కేసెట్ నుంచి కేసెట్లోకి ఊరూరూ తిరిగాయి. 

గల్ఫ్ నుంచి వచ్చిన వలస కూలీ చేతిలో టూ-ఇన్-వన్ ఉండేది. పక్కింటివాళ్లు దాన్ని హోదాగా చూశారు. కానీ మా వీధిలో అక్షరం రాని ఒక ఇల్లాలు ఆ యంత్రం ముందు కూర్చుని దుబాయిలో ఉన్న భర్తకు తన గోడు చెప్పుకోవడం నేను చిన్నప్పుడు చూశాను. అంతకు ముందు ఆమె ఉత్తరం రాయించుకోవాలంటే మరొకరి ముందు తన రహస్యాలన్నీ విప్పాల్సి వచ్చేది. ఆ మధ్యాహ్నం ఆమెకు లేఖకుడు అక్కర్లేకపోయాడు. బ్రెక్ట్ కోరిన రెండు దారుల సాధనం, ఆయన పేరు ఎన్నడూ వినని వీధిలో కొద్దికాలం పనిచేసింది.

అయితే దీన్ని కూడా హారతి పళ్లెంలో పెట్టకూడదు. 1990 ప్రాంతాల్లో అయోధ్య పేరుతో ద్వేషోపన్యాసాలు దేశమంతా పాకింది ఈ చవక కేసెట్ల మీదనే. తలుపు తెరుచుకున్నప్పుడు ఎవరు ముందు దూరతారన్నది యంత్రం నిర్ణయించదు, సమాజంలోని బలాబలాలు నిర్ణయిస్తాయి.

ఆ బలాబలాలు మన ఇంట్లో కూడా ఉంటాయి. మా నాన్న ఉపాధ్యాయ సంఘ కార్యకర్త. మా ఇంట్లో ఒక కేసెట్ మీద మా అమ్మా, మరో ఇద్దరు కూలితల్లులూ పాడిన నాట్ల పాటలు ఉండేవి. ఒక మహాసభకు వెళుతూ ఖాళీ కేసెట్ దొరకక నాన్న దాన్ని పట్టుకెళ్లాడు. పాటల మీద ఉపన్యాసం ఎక్కింది. కేసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి. వాటిని విరిచేస్తే దాని మీద మళ్లీ రికార్డు చేయడం కుదరదు. సినిమా పాటల కేసెట్లు కంపెనీ నుంచే పలకలు లేకుండా వచ్చేవి. అమ్మ పాటకు పలక విరవాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. నాన్న చెడ్డవాడు కాదు, ఉపన్యాసమూ చెడ్డది కాదు. శ్రామికుల హక్కుల గురించిన ఉపన్యాసమే అది. శ్రామిక స్త్రీ పాటను తుడిచేసి దాన్ని భద్రపరిచాం. మన ఉద్యమ సంస్కృతిలో ఏది రచన, ఏది కాలక్షేపం అన్న విభజన ఎవరు చేశారో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇప్పుడు సెల్‌ఫోన్ దగ్గరకు వద్దాం. 2016 తర్వాత డేటా చవకై ఫోను వీడియోలు పల్లె గడపలోకి వచ్చాయి. ప్రతివారి చేతిలో కెమెరా ఉంది, గొంతు ఉంది, కాబట్టి బ్రెక్ట్ కల పండింది కదా అని కొందరు మిత్రులు అంటున్నారు. ఈ వాదనలో కొంత నిజం ఉంది. నాట్లు వేస్తూ పాడే స్త్రీ ఈనాడు తన పాటను తానే లోకానికి వినిపించగలదు. కానీ కేసెట్ కొన్నవాడికి అది సొంతం. అరువివ్వవచ్చు, నకలు తీయవచ్చు, దాచుకోవచ్చు. ఇవాళ నెలనెలా డబ్బు కట్టి మనం కొంటున్నది పాట కాదు, వినడానికి తాత్కాలిక అనుమతి. 2009లో అమెరికాలో అమెజాన్ సంస్థ తాను అమ్మిన ఆర్వెల్ నవల '1984' ప్రతులను హక్కుల తగాదా పేరుతో పాఠకుల యంత్రాల్లోంచి దూరం నుంచే తుడిచేసింది. అది పుస్తకానికి జరిగింది, పాటకూ సినిమాకూ జరగడానికి అడ్డేమీ లేదు. మాట్లాడే వీలు మనకు ఇచ్చి, ఎవరికి వినపడాలో నిర్ణయించే మీటను కంపెనీ తన దగ్గర ఉంచుకుంది. 

ఇక పాత యంత్రాన్ని చంపడం కూడా మార్కెట్ సూత్రంలో భాగమే. ప్రపంచంలో వి.సి.ఆర్.లు తయారు చేస్తున్న చివరి కంపెనీ 2016లో ఉత్పత్తి ఆపేసింది. ఎందరి పెళ్లి వీడియోలో, ఎన్ని నాటక ప్రదర్శనలో బీరువాల్లో బూజు పడుతున్నాయి. ఈమధ్య తొమ్మిదో తరగతి గదిలోకి ఒక పాత కేసెట్ తీసుకెళ్తే, "ఇందులో బొమ్మ ఎక్కడ కనిపిస్తుంది సార్?" అని అడిగాడు ఒక విద్యార్థి. తప్పు వాడిది కాదు.

మరి ఈ మార్పును మన సాహిత్యం ఎలా చిత్రించింది? పత్రికల్లో వచ్చే కథల్లో ఒక మూస స్థిరపడింది. సీరియల్ చూస్తూ అన్నం మాడబెట్టే ఇల్లాలు, పుస్తకం పట్టుకుని బాధపడే భర్త, చివర్లో కరెంటు పోయి అందరూ మాట్లాడుకోవడం. ఈ మూసలో దోషి ఎప్పుడూ స్త్రీయే. రోజు మొత్తం మీద ఆమె కూర్చోగలిగేది ఆ అరగంటేనని కథకుడికి తట్టదు. రిమోట్ రాత్రి తొమ్మిదికి ఎవరి చేతిలోకి మారుతుందో అతను చూడడు. నలుగురికి నాలుగు ఫోన్లు వచ్చి కుటుంబం విడిపోయిందని వాపోయేవారు, ఆ కుటుంబంలో ఎన్నడూ రిమోట్ దక్కని ఆడపిల్లకు ఇయర్‌ఫోన్ ఏమిచ్చిందో కూడా చెప్పాలి. ఏకాంతం అందరికీ ఒకేలా నష్టం కాదు. పాత సామూహికత అందరికీ ఒకేలా సుఖమూ కాదు. ఈ వైరుధ్యాన్ని పట్టుకున్న కథ కోసం ఎదురుచూస్తున్నాను. వాయిదాల మీద టీవీ కొన్న కూలీ మీదా, ఆ టీవీని బిగించే కర్మాగారంలోని కాంట్రాక్టు కార్మికురాలి మీదా మంచి కథలు రావాల్సే ఉంది.

కనుక అభ్యుదయ రచయితల ముందున్న పని యంత్రాన్ని తిట్టడమూ కాదు, పొగడటమూ కాదు. ముందుగా మన శాఖలు ప్రతి జిల్లాలో ఇళ్లలో మిగిలిన కేసెట్లను సేకరించి, అవి పూర్తిగా చెడిపోకముందే నకళ్లు తీయించాలి. ఆ నకళ్లు ఏ ఒక్క కంపెనీ వేదిక మీదో కాక సంఘం చేతిలో, గ్రంథాలయాల్లో, అడిగినవారికి అందేలా ఉండాలి. అలా సేకరించేటప్పుడు ఉపన్యాసాలకు ముందు పాటలు వెతకాలి. పాడినవారి పేర్లు రాసుకోవాలి. మా అమ్మతో పాడిన ఇద్దరి పేర్లు అడిగి తెలుసుకోవడానికి ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ మిగలలేదు.